గోళీలు గోదాం దాటి ఇంట్లోకి రావొద్దు

సంపాదకుడు గారికి,

రేషన్ బియ్యంలో పురుగు పడుతోందని వానాకాలం వస్తే చాలు ఏదో ఒక ఊరి నుంచి ఫిర్యాదు వస్తుంది. ఆ పురుగు పోవాలని కొందరు దుకాణంలో విడిగా అమ్మే గోళీలు కొని ఇంట్లో బియ్యం డ్రమ్ములో వేసుకుంటున్నారు. నా ఉత్తరం ఆ గోళీల గురించే. గోదాముల్లో సరుకు నాణ్యత చూసే ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని కాబట్టి వాటి సంగతి నాకు బాగానే తెలుసు.

అది అల్యూమినియం ఫాస్ఫైడ్. ఒక్కో గోళీ 3 గ్రాములుంటుంది. గాలిలో తేమ తగిలితే చాలు, మెల్లగా పొడి అయిపోతూ 1 గ్రాము ఫాస్ఫీన్ గ్యాసు వదులుతుంది. పురుగును చంపేది ఆ గ్యాసే. ఒకప్పుడు మిథైల్ బ్రోమైడ్ కూడా వాడేవాళ్లం. ఓజోన్ పొరకు చేటు చేస్తోందని మాంట్రియల్ ఒప్పందం కింద 2015 నాటికి దాన్ని మన దేశం కూడా పక్కన పెట్టింది, ఎగుమతి, దిగుమతి సరుకుల శుద్ధి లాంటి కొన్ని అవసరాలకు తప్ప. ఇప్పుడు వేల టన్నుల బియ్యాన్ని తక్కువ ఖర్చులో కాపాడుతున్నది ఫాస్ఫీనే. దాని మీద నాకు ద్వేషమేమీ లేదు. చేయాల్సిన చోట, చేయాల్సిన తీరులో చేస్తే ఫ్యూమిగేషన్, అంటే గ్యాసు పెట్టి పురుగును చంపడం, మంచి పని.

ఆ తీరు ఏమిటో చెబుతాను. బస్తాల నెట్టు మీద మందపాటి ప్లాస్టిక్ కవరు కప్పుతాం. అంచులను నేల మీద పరిచి, వాటి మీద ఇసుక నింపిన పొడవాటి గుడ్డ గొట్టాలను ఒకదానికొకటి ఆనించి పేరుస్తాం. గచ్చు పగిలి ఉంటే ముందే పూడుస్తాం. టన్నుకు 3 గోళీల లెక్కన ట్రేలలో పెట్టి లోపలికి జరిపి, తలుపుకు తాళం వేసి, ప్రమాదం బోర్డు తగిలించి, కనీసం 5 నుంచి 7 రోజులు అటువైపు ఎవరినీ పోనివ్వం. కవరు విప్పే రోజు కూడా తొందరపడం. తలుపులు బార్లా తెరిచి, బాగా గాలాడిన తర్వాతే హమాలీలను పిలుస్తాం.

ఈ పనిలో గోళీల సంఖ్య కంటే ముఖ్యమైనవి బిగింపు, రోజులు. చాలామంది ఇక్కడే పొరపడతారు. కళ్ల ముందు తిరిగే పురుగు త్వరగానే చస్తుంది. గుడ్లూ గూడు దశలో ఉన్నవీ అంత సులభంగా చావవు. ముక్కుపురుగు గింజకు చిన్న రంధ్రం చేసి లోపల గుడ్డు పెట్టి పైన మూసేస్తుంది, బయటికి ఏమీ కనిపించదు. మన వేడికి నెల రోజుల్లో అది పెద్ద పురుగై గింజ తొలుచుకుని బయటికొస్తుంది. లారీ వచ్చిందని మూడో రోజే కవరు లాగేశారనుకోండి, ఆ రోజుకు బియ్యం శుభ్రంగానే ఉంటుంది. నెల తర్వాత తిట్లు పడేది రేషన్ డీలరుకు. ఇంకో నష్టం కూడా ఉంది. అరకొర గ్యాసుకు బతికి బయటపడిన పురుగుల సంతతి ఆ గ్యాసుకు లొంగదు. నుసిపురుగు, ఎర్ర పిండిపురుగు మన దేశంలో ఫాస్ఫీన్‌ను గట్టిగానే తట్టుకుంటున్నాయని శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు.

ఇంత బిగించినా గుడ్లు మిగిలే ప్రమాదం ఉన్నప్పుడు, మూత సరిగా పట్టని ఇంటి డ్రమ్ములో ఒక గోళీ ఏం చేస్తుంది? లోపలి గుడ్డును చంపకుండానే గ్యాసు గదిలోకి వస్తుంది. ఫాస్ఫీన్ గాలి కంటే కాస్త బరువైనది, తలుపు సందుల్లోంచి, గోడ పగుళ్లలోంచి పక్క గదిలోకీ పోతుంది. పనిచేసే చోట 10 లక్షల పాళ్ల గాలిలో 0.3 పాలు మించకూడదని మేం పాటించిన లెక్క. కిటికీలు మూసుకుని నలుగురు పడుకునే ఒంటి గది ఇంట్లో ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. వెల్లుల్లి వాసనో కుళ్లిన చేప వాసనో వస్తుందంటారు గానీ ఆ వాసనను నమ్ముకోవడానికి లేదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలైతే తిన్నది పడలేదనుకుంటారు. దీనికి విరుగుడు మందు లేదు. డాక్టర్లు ఊపిరి, గుండె, బీపీ కాపాడుతూ చికిత్స చేయడమే. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లినా, ఊళ్లో ఆర్‌ఎంపీకి చూపించినా, ఇంట్లో గోళీ పెట్టిన సంగతి మొట్టమొదట చెప్పాలి.

మా వాడకట్టులో ఒక అవ్వకు ఇదంతా చెప్పబోతే, "ఏం గాదు సారూ, బట్టల మూటగట్టి నడుమిట్ల పెట్టిన, ఒక్క పురుగన్న లేదు" అని నవ్వింది. ఆ బట్ట గ్యాసును ఆపదు. ఆమెను తప్పుపట్టి లాభం లేదు. 2025 జూన్‌లో మూడు నెలల బియ్యం ఒక్కసారే ఇచ్చారు, మనిషికి 18 కిలోలు. నలుగురున్న ఇంట్లో 72 కిలోలు, అదీ ముసురు రోజుల్లో. మన పెద్దలు గుమ్ముల్లో దాచింది వడ్లు. పొట్టు ఉన్నంతకాలం గింజకు కొంత కాపుదల ఉండేది, ఎప్పటికప్పుడు దంచుకునేవారు, తర్వాత మరకు పట్టించుకునేవారు. పొట్టు తీసిన బియ్యాన్ని నెలల తరబడి ఇంట్లో పెట్టుకొమ్మంటే పురుగు రాక ఏం వస్తుంది? సన్నబియ్యం ఇస్తున్నారని జనం ఇప్పుడు ఇష్టంగా వండుకుంటున్నారు, అమ్ముకోవడం తగ్గింది. మంచిదే. అంటే ఆ బియ్యం ఇళ్లలో ఎక్కువ రోజులు ఉంటుందన్న సంగతి కూడా పౌరసరఫరాల వాళ్లు లెక్కలోకి తీసుకోవాలి.

చట్టం లేక కాదు. అల్యూమినియం ఫాస్ఫైడ్‌ను ప్రభుత్వ సంస్థలకు, అనుమతి పొందిన పెస్ట్ కంట్రోల్ వాళ్లకు తప్ప అమ్మకూడదు. 10, 20 గోళీల చిన్న గొట్టాల తయారీని, అమ్మకాన్ని కేంద్రం 2001 జులైలోనే పూర్తిగా నిషేధించింది. మరి ఒకటీ రెండూ గోళీలు కాగితంలో చుట్టి ఎలా ఇస్తున్నారు? పెద్ద డబ్బా విప్పి విడిగా అమ్ముతున్నారు, అంతే. డబ్బా మీదుండే పుర్రె గుర్తు, జాగ్రత్తలు ఆ కాగితం మీద ఉండవు కదా. నకిలీ పత్తి విత్తనాల కోసం వానాకాలం ముందు దుకాణాలన్నీ జల్లెడ పట్టే వ్యవసాయ అధికారులు అదే చేత్తో ఈ డబ్బాలూ చూడొచ్చు. పురుగుమందుల తనిఖీ వాళ్ల పనే.

బడులు, హాస్టళ్ల మాట ఇంకా ముఖ్యం. మధ్యాహ్న భోజనం బస్తాలు తరగతి గది మూలనో వంటగది పక్కనో ఉంటాయి. అక్కడ గోళీ పెట్టడమంటే పిల్లల మధ్య పెట్టడమే. గోళీ అయిపోయాక మిగిలే బూడిద రంగు పొడిలో కూడా కొంత మందు మిగిలి ఉండొచ్చు. దాన్ని లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి, చీపురుతో ఊడ్చి చెత్తబుట్టలో వేసేది కాదు. కారే పైకప్పు కింద గోళీల మీద నీళ్లు పడితే మంట కూడా అంటుకోవచ్చు. బడులకు, హాస్టళ్లకు ఏ నెలకానెల బియ్యం పంపితే గోళీ అవసరమే రాదు.

అలాగని భయం హద్దు దాటనక్కర్లేదు. గ్యాస్ పెట్టిన బియ్యమంతా విషమేనని వాట్సాప్‌లో తిరుగుతున్న మాట, వెనకటి ప్లాస్టిక్ బియ్యం కథ లాంటిదే. సరిగా గాలాడించిన సరుకులోంచి గ్యాసు వెళ్లిపోతుంది, కడిగి వండుకుంటే ఏ భయమూ లేదు. ఇంట్లో పురుగు పడితే చాటతో చెరిగి, కాసేపు ఎండలో పరిస్తే తిరిగే పురుగు పోతుంది. పూర్తిగా చల్లారాక తడి లేని, మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసుకోవాలి. ఎండిన వేపాకు కొత్త పురుగును కొంత దూరం పెడుతుంది, గింజ లోపలున్న దాన్ని మాత్రం చంపలేదు. కందిపప్పుకు ఆముదం పట్టించడం నాకు తెలిసి ఇప్పటికీ పనికొచ్చే పద్ధతే.

వరంగల్, హనుమకొండ కలెక్టర్లకు నా విన్నపం. రేషన్ షాపులకు సరుకు పంపే మండల గోదాములకు (ఎంఎల్ఎస్ పాయింట్లకు) బియ్యం చేరేముందు ఫ్యూమిగేషన్ ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు విప్పారు అన్న రెండు తేదీలను సరుకు వెంట వచ్చే కాగితం మీద రాయించండి. అవే తేదీలు రేషన్ షాపు ముందు బోర్డు మీద తెలుగులో కనిపించాలి. పాత గోనెసంచుల్లో గుడ్లు దాగి ఉంటాయి కాబట్టి వాటిని శుద్ధి చేయకుండా మళ్లీ నింపొద్దు. ఇళ్ల మధ్య అద్దె షెడ్లలో గ్యాస్ పెట్టేటప్పుడు చుట్టుపక్కల వాళ్లకు ముందురోజే చెప్పాలి, గ్యాసును కొలిచే మీటరు లేనివాళ్లకు ఆ పని అప్పగించకూడదు. మూడు నెలల బియ్యం మళ్లీ ఒక్కసారే ఇవ్వాల్సి వస్తే, విప్పి వారం కూడా దాటని నెట్టుల్లోంచి ముందు ఇవ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత గోదాం ఉద్యోగి,
హనుమకొండ