హమాలీ పేరు ఏ పుస్తకంలో ఉంది?

సంపాదకులకు నమస్కారం.

కిందటి వారం మీ పత్రికలో ఒక పాఠకుడు రాసిన ఉత్తరం చదివాను. బయటి రాష్ట్రాల వాళ్లు మన ఊళ్లు నింపేస్తున్నారు, మన పిల్లలకు పని దొరకడం లేదు, వీళ్లను ఎక్కడికక్కడ కట్టడి చేయాలి అని ఆయన రాశారు. ఆయన కోపం అర్థమైంది గానీ గురి తప్పిందనిపించింది. నేను పెద్దపల్లి జిల్లాలో రైస్ మిల్లుల్లో 31 ఏళ్లు గుమాస్తాగా చేసి మానేసినవాణ్ని. నాకు తెలిసింది మిల్లు సంగతే కాబట్టి అదే రాస్తాను.

2025 ఆగస్టులో 'మార్వాడీ గో బ్యాక్' అంటూ జరిగిన గొడవ వేరు. అది దుకాణాల పోటీ, దాని జోలికి నేను పోను. 'గైర్ ముల్కీ గో బ్యాక్', అంటే స్థానికులు కానివాళ్లు వెళ్లిపోవాలి, అన్న మాటలు మా ముందుతరం 1952లోనే విన్నది. 1969లో నేను చిన్నపిల్లవాణ్ని, బడులు నెలల తరబడి మూతపడితే గేదెలు కాసుకున్నాను. ఉద్యోగాల్లో స్థానికుల హక్కు కోసం జరిగిన ఆ పోరాటాల్ని తక్కువ చేయను. కానీ వాటిని తెచ్చి మిల్లులో బస్తా మోసే బిహారీ కుర్రాడి నెత్తిన పెట్టడం సరికాదు. అతని పని కోసం మన ఊళ్లో ఎవరూ దరఖాస్తు పెట్టుకోలేదు.

నేను చేరిన కొత్తలో హమాలీలంతా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. పొద్దున సైకిళ్ల మీద వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లు. వాళ్ల పేర్లే కాదు, వాళ్ల నాన్నల పేర్లు కూడా మాకు తెలుసు. తర్వాత వాళ్ల కొడుకులు కొందరు గల్ఫ్ వెళ్లారు, కొందరు హైదరాబాద్ వెళ్లారు, చదువుకున్నవాళ్లు బస్తా ముట్టుకోలేదు. అదే సమయంలో నీళ్లొచ్చి వరి పెరిగింది. 2024 వానాకాలంలో రాష్ట్రంలో 153 లక్షల టన్నుల వడ్లు పండాయని ప్రభుత్వమే ప్రకటించింది. కొనుగోలు కేంద్రంలో ఆ వడ్లు 40 కిలోల సంచుల్లో నిండుతాయి. లారీ ఎక్కుతాయి, మిల్లులో దిగుతాయి. బియ్యమయ్యాక 50 కిలోల సంచుల్లో మళ్లీ లారీ ఎక్కి గోదాంకు పోతాయి. ప్రతిసారీ ఒక మనిషి వీపు కావాల్సిందే. ఇప్పుడు ఆ వీపు ఎక్కువగా బిహార్‌ది.

వీళ్లు దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి రామగుండంలోనో కాజీపేటలోనో దిగుతారు. పదీపదిహేను మందికి ముఠా పెద్దగా ఒక సర్దార్, అతని పైన కూలీలను తెచ్చే కాంట్రాక్టర్, అంటే ఠేకేదార్. మిల్లు వెనక రేకుల షెడ్డులో ఉంటారు, అక్కడే వండుకుంటారు. చవక కాబట్టే యజమానులు వీళ్లను తెచ్చుకుంటారని బయట అనుకుంటారు. కూలి తేడా కొంత ఉంది, కాదనను. కానీ యజమానికి అసలు లాభం వేరే. రాత్రి రెండు గంటలకు లారీ వచ్చినా షెడ్డు తలుపు కొడితే లేచొస్తారు. ఇంటికి పోయే హమాలీతో అది కుదరదు.

వీళ్లు లేకపోతే ఏమవుతుందో 2020లో చూశాం. హోలీకి ఇళ్లకు వెళ్లినవాళ్లు లాక్‌డౌన్‌లో అక్కడే చిక్కుకుపోయారు. ఇక్కడ యాసంగి వడ్లు వచ్చిపడ్డాయి, దించే మనిషి లేడు. దేశంలో మొదటి శ్రామిక్ రైలు మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు బయలుదేరింది. దాదాపు 1,200 మంది వలస కూలీలు అందులో ఇంటికి పోయారు. సరిగ్గా వారానికి, మే 8న, బిహార్‌లోని ఖగడియా నుంచి అదే లింగంపల్లికి ఒక రైలు వచ్చింది. రెండొందల మందికి పైగా హమాలీలను మన ప్రభుత్వమే అడిగి రప్పించింది. స్టేషన్‌లో పూలు, మాస్కులు ఇచ్చి స్వాగతం పలికారు. అంతకు ముందే, మార్చి ఆఖరులో, వలస కూలీలకు తలా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామన్నారు. మంచి పనే. అయితే ఆ బియ్యం పంచడానికి లిస్టు కావాల్సివచ్చింది, అది ఎవరి దగ్గరా లేదు. రెవెన్యూ వాళ్లు మిల్లు మిల్లుకు వచ్చి ఎంతమంది ఉన్నారని మమ్మల్నే అడిగారు. మేం షెడ్డు దగ్గరికి వెళ్లి తలలు లెక్కపెట్టి చెప్పాం.

నా బాధ అక్కడే ఉంది. అది 2020లో మొదలైంది కూడా కాదు.

అంతకు మూడేళ్ల ముందు యాసంగి సీజన్‌లో నేను పనిచేస్తున్న మిల్లులో పేర్చిన బస్తాలు జారి ఒక కుర్రాడి మీద పడ్డాయి. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. పోలీసులు వచ్చి పంచనామాకు పేరడిగారు. ఛోటూ అన్నాం. అందరం అలాగే పిలిచేవాళ్లం. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు ఏవని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. సర్దార్ భయపడి అప్పటికే ఎటో జారుకున్నాడు, ఠేకేదార్ ఫోన్ స్విచాఫ్. తోటివాళ్లలో ఇద్దరు సహర్సా జిల్లా అన్నారు, ఒకడు కాదు మధేపురా అన్నాడు. కుర్రాడి ఫోన్ దొరికింది గానీ లాక్ పడి ఉంది. ఎవరైనా చేస్తే ఎత్తుదామని నా టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం ఆరు దాటాక మోగింది. సిమ్ కంపెనీవాళ్ల రీఛార్జ్ కాల్ అది. రాత్రి తొమ్మిదికి వాళ్ల బావ చేశాడు. నా వచ్చీరాని హిందీలో ఆ మాట నేనే చెప్పాల్సివచ్చింది.

శవం అంబులెన్స్‌లో రెండు రోజులు ప్రయాణం చేసింది. మిల్లువాళ్లు కొంత డబ్బు చేతిలో పెట్టి కాగితం మీద సంతకం తీసుకున్నారు. పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి నష్టపరిహారం ఇవ్వాలని 1923 నుంచీ చట్టం ఉంది. కానీ పేరే పుస్తకంలో లేని మనిషి మా దగ్గరే పనిచేశాడని ఏ కాగితం చూపిస్తారు? ఆ కాగితం లేకపోవడంలో నా చేయి కూడా ఉంది. గుమాస్తాను నేనే కదా. వచ్చిన బస్తాలు రాశాను, పోయిన బస్తాలు రాశాను, తవుడు, నూకలు, ఊక లెక్కలు రాశాను. మోసినవాడి పేరు రాయలేదు. కూలి డబ్బు మొత్తం సర్దార్ పేరు మీద ఒకే పద్దు.

మన జిల్లా వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. మా తమ్ముడు 18 ఏళ్లు సౌదీలోని దమ్మామ్‌లో ఉన్నాడు. అకామా, అంటే అక్కడి నివాస అనుమతి కార్డు, లేకుండా దొరికితే ఏమవుతుందో, యజమాని దగ్గర్నుంచి పారిపోయి కాగితాల్లేకుండా 'ఖల్లివెల్లి' అయినవాడి బతుకు ఎలా ఉంటుందో మాకు వాడే చెప్పాడు. పది పాసవని మనిషి గల్ఫ్‌కు పనికి పోవాలంటే అనుమతి తీసుకోవాలి, తీసుకుపోయే కంపెనీ వివరాలు ప్రభుత్వం దగ్గర ఉంటాయి, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు వచ్చే బీమా ఉంటుంది. అందులోని మోసాలు, లొసుగులు గల్ఫ్ ఇళ్లన్నిటికీ తెలుసు. అయినా ఎక్కడో ఒకచోట పేరంటూ ఉంటుంది. సముద్రం దాటిన మనవాడికి ఉన్నపాటి కాగితం రైలెక్కి మన దగ్గరికి వచ్చినవాడికి లేదు. మన మిల్లుల్లో ఉన్నవాళ్లంతా ఒకరకంగా ఖల్లివెల్లీలే. వాళ్లు పారిపోలేదు, మనం రాసుకోలేదు, అంతే తేడా.

చట్టం లేక కాదు. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. అయిదుగురు, అంతకు మించి ఉంటే కాంట్రాక్టర్‌కు లైసెన్స్ ఉండాలి, ప్రతి మనిషికీ ఫోటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలి అని అందులో ఉంది. నా 31 ఏళ్లలో అలాంటి పాస్‌బుక్ ఒక్కటి కూడా చూడలేదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో ఆ అయిదు కాస్తా పది అయింది. ఏడాది పొడుగునా ఏడెనిమిది మందితో నడిచే చిన్న మిల్లులు ఇక ఆ లెక్కలోకే రావు. కేంద్రం 2021లో ఈ-శ్రమ్ పోర్టల్ పెట్టింది, బాగుంది. అందులో కుర్రాడి పేరు, ఊరు ఉండొచ్చు గానీ ఇవాళ ఏ మిల్లు షెడ్డులో పడుకున్నాడో దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు.

మొదటి ఉత్తరం రాసినాయనకు ఒక విషయంలో మాత్రం నేను ఒప్పుకుంటాను. నాట్లకు కూడా ఇప్పుడు బిహార్, బెంగాల్ ముఠాలు వస్తున్నాయి. మగవాళ్లు తాడు కట్టి వరుసగా నాటుకుంటూ పోతుంటే మన ఊరి ఆడవాళ్లు మొదట్లో గట్టున నిలబడి వింతగా చూశారు. తర్వాత వాళ్లకే పిలుపులు తగ్గాయి. హమాలీ పనిలా కాదు ఇది, దాని మీద బతుకుతున్నవాళ్లు ఇక్కడే ఉన్నారు. మా వదిన నలభై ఏళ్లు నాట్లేసిన మనిషి. ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేదు. కానీ ఎకరానికి ఇంతని బేరం కుదుర్చుకుని వాళ్లను పిలిచింది మన రైతే, బిహార్ నుంచి వచ్చినవాడిని తిట్టి ఏం లాభం?

అధికారులు ఒక చిన్న పని చేయొచ్చు. మిల్లులు ఇప్పుడు ఆడించే వడ్లలో చాలా భాగం ప్రభుత్వానివే. సీఎంఆర్ (కస్టమ్ మిల్లింగ్ రైస్, అంటే ప్రభుత్వ వడ్లు ఆడించి బియ్యం తిరిగిచ్చే పద్ధతి) కింద క్వింటాల్ వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యమో 68 కిలోల ఉప్పుడు బియ్యమో తిరిగి ఇవ్వాలి. అందుకు పౌరసరఫరాల శాఖతో మిల్లు ఒప్పందం రాసుకుంటుంది, బ్యాంకు గ్యారంటీలు పెడుతుంది. వడ్లలో తేమ 17 శాతం దాటకుండా చూస్తారు. బస్తాలు తక్కువపడితే తనిఖీలకు వచ్చి ఒక్కొక్కటీ లెక్కపెడతారు. ఆ ఒప్పందానికి ఇంకొక్క కాగితం జతచేయమనండి: మిల్లులో ఉన్న ప్రతి హమాలీ పేరు, ఫోటో, ఊరు, ఇంటి దగ్గర ఇద్దరి ఫోన్ నంబర్లు, కూలి పడే బ్యాంకు ఖాతా. ఒక కాపీ తహసీల్దార్ దగ్గర, ఒకటి పోలీస్ స్టేషన్‌లో, ఒకటి షెడ్డు గోడ మీద. వడ్లు దించుకునే ముందే ఈ లిస్టు అడిగితే మిల్లువాళ్లు ఒక్క రోజులో రాసిస్తారు. నా మాట నమ్మండి, అడగనిదే రాయరు.

ఛోటూ పోయాక నేను ఒక నోట్‌బుక్ పెట్టాను. కొత్తగా దిగిన ప్రతి కుర్రాణ్నీ పిలిచి కూర్చోబెట్టి పేరు, నాన్న పేరు, ఊరు, ఇంటి నంబరు రాసుకునేవాణ్ని. మొదట్లో భయపడేవాళ్లు, తర్వాత 'మున్షీజీ, నంబర్ మారింది' అని వాళ్లే వచ్చి దిద్దించుకునేవాళ్లు. ఛోటూ అసలు పేరుతోనే ఆ పుస్తకం మొదలవుతుంది. మానేసేటప్పుడు దాన్ని కొత్త గుమాస్తాకు అప్పగించాను. మొన్న దసరాకు అటువైపు వెళ్లినప్పుడు ఉందా అని అడిగాను. ఉంది సార్, వెనక ఖాళీ పేజీల్లో తవుడు లెక్కలు రాస్తున్నాం అన్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మిల్లు గుమాస్తా,
సుల్తానాబాద్, పెద్దపల్లి జిల్లా.