పట్నంలో పగలు గడుస్తుంది, రాత్రే గడవదు

సంపాదకులకు నమస్కారం.

మాది దేవరకొండ. టైలరింగ్ పని. బతుకమ్మ సెలవుల్లో పిల్లలిద్దరికీ పట్నం (హైదరాబాద్) చూపిద్దామని అమ్మను, మా ఇంటామెను కూడా వెంటబెట్టుకొని ఒక గురువారం బయల్దేరాం. శుక్రవారమైతే సాలార్‌జంగ్ మ్యూజియం మూత.

పగటి ఖర్చుకు భయపడాల్సిన పనే లేకపోయింది. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు చార్జీ లేదు కదా, అమ్మకు, ఇంటామెకు, బిడ్డకు జీరో టికెట్లు కొట్టారు. పైసలు పెట్టింది నా టికెట్టుకు, కొడుకు అర టికెట్టుకే. మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా వచ్చి ఇమ్లీబన్ బస్టాండులో (ఎంజీబీఎస్) దిగి, మూసీ దాటి మ్యూజియానికి నడిచే పోయాం. పన్నెండయ్యేసరికి గడియారం ముందు జనమంతా గుమిగూడారు. బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే మావాడు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టి పదకొండు దగ్గర తప్పాడు. అమ్మ మాత్రం "గింతదానికేనా ఇంతమంది?" అంది. మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం, దానికి తోడు ఇంటినుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు. చార్మినార్ ఎక్కడానికి పెద్దలకు 25 రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్టే లేదు.

చీకటి పడ్డాకే అసలు కథ. నాలుగు లాడ్జీలు తిరిగాం. ఐదుగురమంటే రెండు గదులు తీసుకోవాల్సిందే అన్నారు, గదికి పన్నెండు వందలు. నా వారం కుట్టుకూలి ఒక్క నిద్రకు పోతుంది. చివరికి ఒక బస్టాండులో ఇనుప బెంచీల మీద తెల్లారింది. అమ్మకు షుగరు. రాత్రంతా కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటే పొద్దున చెప్పుల్లో పాదాలు పట్టలేదు. స్నానానికి చోటు లేదు. మర్నాడు జూపార్కు అనుకున్నది మానుకొని మొదటి బస్సు ఎక్కేశాం.

మాది సరదా ప్రయాణం, మానుకుంటే పోయేదేం లేదు. పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికొచ్చి మర్నాటి ఓపీ చీటీ కోసం ఆగేవాళ్లు, పొద్దున్నే పరీక్ష ఉన్న పిల్లలు మానుకోలేరు కదా. పెద్ద రైల్వే స్టేషన్లలో రైలు టికెట్ ఉన్నవాళ్లకు డార్మిటరీలు ఉన్నాయి. దేవరకొండకు రైలే లేదు (మా ఊరి మీదుగా వేస్తామన్న గద్వాల–మాచర్ల లైను మాట ఎన్నికలప్పుడే వినపడుతుంది). బస్సు దిగినవాడు ఏం చేయాలి?

అందుకే ఆర్టీసీకి నా విన్నపం. ఎంజీబీఎస్‌లో, వీలైతే ఎల్బీనగర్ వైపు కూడా, బస్సు టికెట్ చూపిస్తే మంచం ఇచ్చే డార్మిటరీ పెట్టండి. జీరో టికెట్ అయినా చెల్లాలి. ఆడవాళ్లకు వేరే గది, స్నానానికి నీళ్లు, సంచి పెట్టుకోను తాళమున్న పెట్టె ఉంటే చాలు. ఊరికే ఇమ్మనడం లేదు, మంచానికి వంద రూపాయలైనా కడతాం.

సంక్రాంతి సెలవుల్లో మళ్లీ రావాలని పిల్లల పోరు. సోమవారం జూపార్కు మూత కనుక మంగళవారం పెట్టుకున్నాం. రాత్రికి ఉండాలా, సాయంత్రమే తిరిగి రావాలా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

— ఒక పాఠకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా