పిల్లలకు హార్మోను మందులు పడకపోతే

సంపాదకుల గారికి,

టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలకు ఇచ్చే ఇన్సులిన్, థైరాయిడ్ లోపానికి వాడే థైరాక్సిన్, ఆయాసం ముదిరినప్పుడు రాసే స్టెరాయిడ్లు, ఇవన్నీ హార్మోను మందులే. వీటిలో ఏది వాడాకైనా బిడ్డ ఒంటిమీద దద్దుర్లు తేలితే, ‘మందు పడలేదు’ అని తల్లిదండ్రులు తమంతట తామే ఆపేయడం మందుల దుకాణంలో పనిచేసినంత కాలం చూశాను. వారి భయం సహజమే. కానీ టైప్ 1 పిల్లలకు ఇన్సులిన్ ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. వారాల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానేస్తే, అప్పటికే మందగించిన అడ్రినల్ గ్రంథులు (మూత్రపిండాల పైన ఉండేవి) కావలసినంత కార్టిసాల్ అనే హార్మోనును అందించలేక బిడ్డ కుప్పకూలవచ్చు.

పైగా, తప్పు ఎప్పుడూ హార్మోనుదే కానక్కరలేదు. ఇన్సులిన్ చెడిపోకుండా కలిపే మెటాక్రెసాల్, ఎన్‌పీహెచ్ అనే రకం ఇన్సులిన్‌లో ఉండే ప్రొటమైన్ అనే ప్రొటీన్ కూడా కొందరికి పడవు. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కొన్నింటిలో ఆవుపాల నుంచి తీసిన లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. ఆవుపాల ప్రొటీన్లకు అలర్జీ ఉన్న పిల్లలకు, అలర్జీ తగ్గాలని వేసిన ఆ సూదే అలర్జీ తెచ్చిపెట్టగలదు. అలాంటివారికి వాటిని వాడవద్దని యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ 2017లోనే చెప్పింది. కారణం తెలిస్తే వైద్యులు మరో తయారీకి మార్చి చికిత్స కొనసాగించగలరు. అందుకే పెట్టెను, సీసాను పారేయకుండా, మందు ఇచ్చిన ఎంతసేపటికి ఏమి కనిపించిందో రాసిపెట్టి వైద్యునికి చూపాలి.

సూది వేసిన చోట కాస్త ఎర్రబడటం వేరు. పెదవులు వాచి, ఊపిరి అందక, బిడ్డ సొమ్మసిల్లుతుంటే మాత్రం వెంటనే 108కి ఫోన్ చేయాలి. అప్పుడు మొదట ఇవ్వవలసింది తొడ కండరంలోకి అడ్రినలిన్. అలర్జీకి మామూలుగా వేసే అవిల్, డెక్సా సూదులు దాని బదులు పనిచేయవు. మా జిల్లాలో మందస, మెళియాపుట్టి కొండల్లోని సవర గిరిజన గూడేల నుంచి పెద్దాసుపత్రికి చేరడానికి పట్టే సమయాన్ని తలచుకుంటే, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ అడ్రినలిన్‌ను, పిల్లల బరువును బట్టి దాని మోతాదు తెలిపే పట్టికను చేతికందేచోట ఉంచడం ఎంత అవసరమో అర్థమవుతుంది.

మందు వికటిస్తే రోగి బంధువులే నేరుగా తెలియజేసేందుకు 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ఫలితాలపై నిఘా) కార్యక్రమం వీలు కల్పిస్తోంది. దాని ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024. ఈ నంబరును శ్రీకాకుళం జిల్లాలోని ప్రతి మందుల దుకాణంలో, ఆరోగ్య కేంద్రంలో తెలుగులో రాయించి పెట్టించాలని జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– విశ్రాంత ఫార్మసిస్టు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా