మన కార్ల సంఘం వార్షిక నివేదిక: ముందు పట్టు, తర్వాతే పవర్

సభ్యులందరికీ నమస్కారం.

వారమంతా ఆఫీసుకు తిప్పే కారునే వారాంతంలో డ్రాగ్ స్ట్రిప్ (నిలిచిన చోటి నుంచి తిన్నగా పావు మైలు పరుగెత్తించే ట్రాక్) ఎక్కించే డాలస్ తెలుగువాళ్ళ సంఘం మనది. ఈ ఏడాది ఏ సమావేశం పెట్టినా చర్చ ఒకచోటికే వచ్చింది: ఆటోమేటిక్ కారుకు డబ్బు పెట్టాలంటే మొదట దేనికి పెట్టాలి? ఇంటి ఖర్చులు, ఊళ్ళో అమ్మానాన్నలకు పంపేది పోగా మిగిలిన దాంట్లోనే ఈ సరదా తీరాలి కాబట్టి, వరస తప్పితే మనలాంటివాళ్ళకు గట్టి దెబ్బే.

ట్రాక్ సాయంత్రాలన్నీ ఎన్నిస్‌లోని టెక్సస్ మోటార్‌ప్లెక్స్‌లోనే జరిగాయి. మాజీ డ్రాగ్ రేసర్ బిల్లీ మేయర్ 1986లో కట్టించిన ఈ ట్రాక్‌లో పావు మైలు పొడవునా కాంక్రీటే. 2022లో బేటౌన్ ట్రాక్ మూతపడ్డప్పటి నుంచి హ్యూస్టన్ సభ్యులు కూడా మూడు గంటలకు పైగా నడుపుకుంటూ ఇక్కడికే వస్తున్నారు. వాళ్ళ ఓపికకు కమిటీ తరఫున కృతజ్ఞతలు.

గ్యారేజీ శనివారాల్లో ఎక్కువ సమయం ఒక సభ్యుడి 2000 మోడల్ కమారో జెడ్28 మీదే గడిచింది. 5.7 లీటర్ల ఎల్ఎస్1 ఇంజిన్, నాలుగు గేర్ల 4ఎల్60ఈ ఆటోమేటిక్. మొదట క్యామ్ (ఇంజిన్ వాల్వులను తెరిచే కడ్డీ) మార్చాలని ఆయన పట్టు. కమిటీ వద్దంది. ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది టార్క్ కన్వర్టర్. కారు బ్రేకు మీద నిలిచి ఉండగా యాక్సిలరేటర్ తొక్కితే, అది ఇంజిన్‌ను నిమిషానికి ఎన్ని చుట్ల (ఆర్‌పీఎం) వరకు ఎక్కనిస్తుందో అదే స్టాల్. ఫ్యాక్టరీ కన్వర్టర్ 1,800 ఆర్‌పీఎం దగ్గరే స్టాల్ అవుతుంది. పెద్ద క్యామ్ వేస్తే ఆ కింది ఆర్‌పీఎంలో ఉన్న బలం కూడా తగ్గుతుంది. పచ్చ లైటు వెలిగినా కారు బరువుగా కదులుతుంది. అదే డబ్బుతో 3,200 నుంచి 3,600 మధ్య స్టాల్ అయ్యే కన్వర్టర్ వేస్తే, ఇంజిన్‌లో ఏమీ ముట్టుకోకుండానే, బలం మొదలయ్యే చోటి నుంచే కారు లేస్తుంది. హైవే మీద కన్వర్టర్ జారకుండా లాకప్ పడుతుంది కాబట్టి ఆఫీసు ప్రయాణానికీ ఇబ్బంది లేదు.

అయితే కన్వర్టర్ కన్నా ముందు టైర్లు. ఇక్కడ కమిటీలో రెండో మాట లేదు. మొదటి అరవై అడుగుల్లో పదో వంతు సెకను మిగిలితే, పావు మైలు చివరికి ఒకటిన్నర నుంచి రెండు పదో వంతులు కలిసొస్తాయని స్ట్రిప్ మీద అందరూ చెప్పే లెక్క. ఆ మిగులు టైర్ల పట్టు నుంచే వస్తుంది. పరుగు అయ్యాక ట్రాక్‌వాళ్ళిచ్చే టైమ్ స్లిప్ చేతికి రాగానే చివరి స్పీడు వెతకకుండా ముందు ఆ అరవై అడుగుల అంకె చూడండి. ఈ పట్టు కోసం వేసే మెత్తటి టైర్లు, డ్రాగ్ రేడియల్స్‌కు, అరిగినకొద్దీ వానలో పట్టు బాగా తగ్గుతుంది. రెండో జత చక్రాల మీద బిగించి, ట్రాక్ రోజే వేసుకోవడం మంచిది.

కన్వర్టర్‌తో పాటే గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ కూడా. దీన్ని వాయిదా వేయొద్దని ఈ ఏడాది కళ్ళారా చూశాం. వేరే షాపులో కూలర్ లేకుండా కన్వర్టర్ వేయించుకున్న ఒక సభ్యుడి గేర్‌బాక్స్‌లో డిప్‌స్టిక్ లాగితే, ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ కాఫీ రంగులో వచ్చింది. మాడు వాసన గ్యారేజీ అంతా నిండింది. పాన్ విప్పితే అడుగున క్లచ్‌ల నల్లటి పొడి. 4ఎల్60ఈ గేర్‌బాక్స్‌లో ముందు పోయేది మూడో, నాలుగో గేర్లకు పనిచేసే క్లచ్‌లే. కన్వర్టర్ జారినప్పుడల్లా ఆయిల్ కాగుతుంది, టెక్సస్ ఎండ ఎటూ ఉండనే ఉంది. మంచి కూలర్ ఖరీదు గేర్‌బాక్స్ రీబిల్డ్ ముందు ఏపాటి?

టైర్లకు పట్టు దొరికాక ఇంజిన్ దెబ్బ వెనక ఇరుసు మీద పడుతుంది. ఆ కాలపు కమారోలో పది బోల్టుల రియర్ ఎండ్ (వెనక చక్రాలకు బలం చేర్చే ఇరుసు, గేర్లు) బలహీనమని అందరికీ తెలిసిందే. హెడర్లకు (ఇంజిన్ పొగను సులువుగా బయటికి పంపే గొట్టాలకు) దాచిన డబ్బు ముందు దానికి పక్కన పెట్టండి. హెడర్లు, ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం), క్యామ్ ఆ తర్వాత. 2018 నుంచి వచ్చిన ఆటోమేటిక్ మస్టాంగ్ జీటీ ఉన్నవాళ్ళకు పది గేర్లు ఉన్నాయి కాబట్టి కన్వర్టర్ తొందర లేదు. టైర్లు, ఆపైన ట్యూన్ చాలు.

అసలు ఎంత టైమ్ దగ్గర ఆగాలో ముందే నిర్ణయించుకోండి. అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్ఆర్ఏ నియమాల్లో పావు మైలుకు 13.99 సెకన్లకు, అంతకన్నా వేగానికి హెల్మెట్ తప్పనిసరి. పాత మోడళ్ళకు 11.49 నుంచి రోల్ బార్ (కారు బోల్తా పడితే కాపాడే ఇనుప గొట్టం) కావాలి. కొత్త మోడళ్ళకు కొంత సడలింపు ఉంది. వెనక సీట్లో పిల్లలు కూర్చునే కారులో రోల్ బార్ పెట్టడం కమిటీకి ఇష్టం లేదు. హెల్మెట్ లేని తలకు ఆ ఇనుప గొట్టం వీధి ప్రమాదంలో ప్రాణాంతకం. ఇంటి కారు అయితే 11.50 సెకన్ల కన్నా వేగంగా పోకుండా ఉంచి, మిగిలిన డబ్బు బ్రేకులకు పెట్టండి. లైట్ల దగ్గర, హైవేల మీద రేసు పెట్టిన సభ్యుడి సభ్యత్వం రద్దు చేయాలన్న నియమం యథాతథంగా కొనసాగుతుంది.

చందాల్లో ఎక్కువ భాగం ఉమ్మడి పనిముట్లకు, ట్రాక్ రుసుములకు ఖర్చయింది. వివరాలు కోశాధికారి సభలో చదువుతారు. వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు మీ ముందుంచుతున్నాం: అందరూ వాడుకునేలా గేర్‌బాక్స్ టెంపరేచర్ గేజ్ ఒకటి కొనడం, క్యామ్ పనికి గ్యారేజీ శనివారం అడిగే సభ్యులు ముందుగా తమ టైమ్ స్లిప్‌లు చూపించాలని నియమం పెట్టడం. సర్వసభ్య సమావేశంలో వీటిపై ఓటింగ్ ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి