మా కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024-25: పార్కు, పచ్చదనం

సభ్యులందరికీ నమస్కారం. లిఫ్టు, డ్రైనేజీ, సీసీ కెమెరాల లెక్కలు వేరే పేజీలో ఉన్నాయి. ఈ ఏడాది ఎక్కువ మాట పడింది మాత్రం పార్కు గురించే, అందుకే దాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

మే నెలాఖరుకి డురాంటా మొక్కల కంచె సగం ఎండింది. నూరువరహాల ఆకులు పసుపెక్కాయి. లాన్ మధ్యలో నాలుగైదు చోట్ల మట్టి తేలింది. అన్నీ పీకేసి కొత్తవి వేయడానికి కాంట్రాక్టరు 62,000 రూపాయలు అడిగాడు. కమిటీలో దాదాపు ఒప్పేసుకున్నాం కూడా. అప్పుడు మన మాలి ఎండిందనుకున్న కొమ్మని గోటితో గీరి చూపించాడు, లోపల పచ్చగా ఉంది. దాంతో కాంట్రాక్టరుకి వద్దని చెప్పాం.

తొలకరి పడగానే కంచెని అడుగున్నర ఎత్తుకి కోయించాం. "చెట్లకి గుండు కొట్టించారు" అని వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు గొడవ. మూడో వారానికి చిగుళ్ళొచ్చాక అడిగినవాళ్ళు లేరు.

నూరువరహాలకి రోగమేమీ లేదు. కొత్త ఆకుల్లో ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా ఉంటే అది ఇనుము లోపం. మన బోరునీళ్ళ క్షారగుణం వల్ల మట్టిలో ఉన్న ఇనుము కూడా మొక్కకి అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే లవణం, ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి, వారం తేడాతో మూడుసార్లు సాయంత్రం పూట పిచికారీ చేయించాం. కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. నీళ్ళు మారలేదు కాబట్టి ఈ పని మళ్ళీ మళ్ళీ చేయాల్సిందే. మందారాలకి పిండినల్లి పట్టిన కొసలు కత్తిరించి, సబ్బునీళ్ళలో వేపనూనె కలిపి కొట్టించాం. అయినా రెండు మొక్కలు పోయాయి. ఆలస్యం మాదే.

లాన్‌లో మట్టి గట్టిపడి, పోసిన నీళ్ళు పక్కకి జారిపోతున్నాయి. గునపంతో నాలుగంగుళాల లోతు గుంతలు పొడిచి, ఇసుక, చివికిన పశువుల ఎరువు నింపాం. గోడవార దట్టంగా పెరిగిన గరికనే కణుపులతో తీసి జానెడు లోపు దూరంలో నాటాం. విత్తనం ఖర్చు సున్నా. ఆగస్టుకి అల్లుకుంది. సెప్టెంబరు 7న, చవితి పొద్దున్నే, వినాయకుడి పూజకని అందులో సగం పీకేశారు! దేవుడి పని కదా, ఎవర్నీ ఏమీ అనలేకపోయాం.

బాదం చెట్టు కింద రెండుసార్లు నాటాం, రెండుసార్లూ పోయింది. ఆ నీడలో గరిక బతకదు. పైగా పిల్లలు బస్సు కోసం అడ్డదారిన పరిగెత్తేది అక్కణ్ణుంచే. అక్కడ ఇక గడ్డి వద్దని రాళ్ళు పరిచి దారి చేశాం.

మొత్తం ఖర్చు 11,400 రూపాయలు: కూలీ 4,200, ఎరువు ట్రాక్టరు 3,500, రాళ్ళు 2,800, అన్నభేది, నిమ్మఉప్పు, వేపనూనె కలిపి 900. వచ్చే ఏడాదికి 8,000 కోరుతున్నాం, అందులో ఎక్కువ భాగం ఎరువుకే.

చవితికి గరిక కావాల్సినవాళ్ళ కోసం పంపుహౌసు వెనక ఒక మడి విడిగా వేశాం. దయచేసి అక్కడే కోసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి