చీర ఫొటోకి ముందు వెలుతురు కొలవండి

సంపాదకులకు,

'ఫొటోలో కనిపించే రంగుకీ అసలు రంగుకీ కొద్దిగా తేడా ఉండొచ్చు' అని ఆన్‌లైన్‌లో చేనేత చీరలు అమ్మేవారు అడుగున ఒక ముక్క రాసి చేతులు దులుపుకుంటున్నారు. చిలకపచ్చ అనుకుని డబ్బు కట్టినామెకు నాచురంగు చీర చేరితే అది కొద్దిగా తేడా ఎలా అవుతుంది? చీర వెనక్కి వస్తుంది, రానుపోను కొరియర్ ఖర్చు నేతన్న నెత్తిన పడుతుంది. ఇలాంటప్పుడు అద్దకాన్నో కెమెరా ఖరీదునో తప్పుపట్టేముందు వెలుతురు ఛాయను బట్టి ఫొటో రంగులను సరిచేసే వైట్ బ్యాలెన్స్ అనే కెమెరా సెట్టింగు ఆటోలో ఉందేమో చూడాలి.

ఆటోలో ఉన్న కెమెరా ఫ్రేములోని రంగులన్నీ చూసి వెలుతురు ఛాయను ఊహిస్తుంది. ఫ్రేము నిండా పసుపు చీరే పరిచి ఉంటే ఆ పసుపులో కొంత వెలుతురుదే అనుకుని నీలం కలుపుతుంది. చీర వెలిసిపోయినట్టు వస్తుంది. అదే చీరను గోడ కూడా పడేలా దూరం నుంచి తీస్తే ఇంకో రంగు. అలా ఒకే చీర కొంగు, అంచు, బాడీ మూడు ఫొటోల్లో మూడు రకాలుగా కనిపిస్తాయి.

దీనికి మందు కస్టమ్ వైట్ బ్యాలెన్స్, అంటే కెమెరా ఊహకు వదలకుండా మనమే వెలుతురు కొలిచి ఇవ్వడం. కావలసింది ఒక గ్రే కార్డు, అంటే ఏ ఛాయా కలవని బూడిదరంగు అట్ట. దాన్ని చీర పరిచిన చోటే, చీర ఉన్న వాలులోనే, మన నీడ పడకుండా పెట్టాలి. కార్డు ఫ్రేము మధ్యభాగమంతా నిండేలా దగ్గరికి వెళ్ళి ఫొటో తీయాలి. గీతలు, చుక్కలు లేని కార్డు మీద ఆటోఫోకస్ పట్టదు కాబట్టి మాన్యువల్‌కి మార్చుకోండి. మసగ్గా వచ్చినా నష్టం లేదు. ఎక్స్‌పోజర్ మాత్రం కుదరాలి. కార్డు తెల్లగా మాడిపోయినా, నల్లగా వచ్చినా కొలత తప్పుతుంది. కానన్‌లో ఆ తర్వాత మెనూలోని కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌కి వెళ్ళి, ఆ ఫొటోను ఎంచుకుని సెట్ నొక్కాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వైట్ బ్యాలెన్స్ మోడ్‌ను కూడా ఆటో నుంచి రెండు త్రికోణాలు, ఒక చిన్న చతురస్రం ఉండే గుర్తుకి మార్చాలి. మార్చకపోతే కొలత మెనూలోనే పడి ఉంటుంది, ఫొటోలు పాత పద్ధతిలోనే వస్తాయి. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లలో వైట్ బ్యాలెన్స్‌ను పీఆర్ఈ (PRE)కి తిప్పి, బటన్ వదిలి, ఆ అక్షరాలు మినుకుమనేదాకా మళ్ళీ నొక్కిపట్టి, అప్పుడు కార్డు ఫొటో తీయాలి. 'జీడీ' (Gd) అని మెరిస్తే కొలత పట్టినట్టు. 'నో జీడీ' అంటే వెలుతురు చాలలేదు, లేదా ఎక్కువైంది.

కార్డు ఎందుకు, తెల్ల కాగితం చాలదా అంటారు. జిరాక్స్ కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనం ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చి నీలం వెలుగు వదులుతుంది. కెమెరా ఆ నీలాన్నీ సరిచేయబోయి ఫొటోను పసుపు వైపు లాగుతుంది. నీలిమందు పెట్టి ఉతికిన పంచెతో కొలిచినా అంతే.

ఇక వెలుతురు. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, గదిలో లైట్లన్నీ ఆపేసి తీయడం మేలు. వెలుతురు ఛాయను కెల్విన్‌లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ నీలం, తగ్గేకొద్దీ నారింజ. నీడపట్టు వెలుతురు 7000 కెల్విన్ చుట్టూ ఉంటుంది, పసుపు కాంతి ఎల్ఈడీ 3000 చుట్టూ. రెండూ ఒకే చీరమీద పడితే ఒక్క కొలత రెండింటినీ సరిచేయలేదు. ఒక పక్క కుదిరితే రెండో పక్క నీలమో నారింజో తేలుతుంది. మబ్బు పట్టినా, పొద్దు వాలినా మళ్ళీ కొలవాల్సిందే.

రాత్రిపూట తీయక తప్పకపోతే సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో 100కి చెప్పే అంకె) 90కి పైన ఉన్న బల్బు తెచ్చుకోండి. చవక ఎల్ఈడీల కాంతిలో ముదురు ఎరుపు తక్కువ. వెలుతురులో లేని రంగును వైట్ బ్యాలెన్స్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? కుంకుమ ఎరుపు ఇటుకరంగుకి దిగేది అందుకే. పైగా మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇలాంటి బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతుంటాయి. షట్టర్ వేగాన్ని 1/50 లేదా 1/100 సెకను దగ్గర ఉంచండి. వేగం పెంచితే చారలు పడతాయి, ఒక్కో ఫొటో ఒక్కో ఛాయలో వస్తుంది.

నెమలికంఠం లాంటి రెండు వన్నెల చీరకు ఇవన్నీ చేసినా ఒక్క ఫొటో చాలదు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు కావడంతో చూసే కోణాన్ని బట్టి వన్నె మారుతుంది. ఎదురుగా ఒకటి, మడత మీద పక్కనుంచి ఒకటి పెడితే కొనేవారికి అనుమానం ఉండదు.

ఫోన్‌తో తీసేవారు ప్రో మోడ్ ఉంటే అందులో కెల్విన్ అంకెను చేత్తో జరుపుతూ, కార్డు అచ్చమైన బూడిదరంగుగా కనిపించేచోట ఆపాలి. ముందుగా స్క్రీన్‌కి పెట్టిన కళ్ళ రక్షణ మోడ్ తీసేయాలి. పసుపెక్కిన తెరను నమ్మి సరిచేస్తే ఫొటో నీలమెక్కుతుంది.

నేతన్నలకు ఆన్‌లైన్ అమ్మకాలపై శిక్షణ ఇచ్చేవారు ఈ పని నేర్పడానికీ ఒక పూట కేటాయించాలి. సహకార సంఘానికొక గ్రే కార్డు, కిటికీ పక్కన తెల్ల సున్నం వేసిన మూల ఉంటే మొదలుపెట్టవచ్చు.

– ఒక ఫొటోగ్రాఫర్, మంగళగిరి