ఎడమ మలుపు దారి మూసేయొద్దు
ఒడిశాలోని బరంపురంలో సిగ్నల్ ఉన్న కూడళ్ల దగ్గర ఎడమకు తిరిగే దారిని నేరుగా వెళ్లే బైకులు, ఆటోలు మూసేస్తున్నాయి. ఎర్ర లైటు పడగానే సందు దొరికిన చోటల్లా దూరి ముందుకొచ్చి నిలబడతారు. ఎడమకు తిరగాల్సిన బస్సులు, లారీలు వెనకే హారన్ కొడుతూ ఆగిపోతాయి. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి ఎం.కె.సి.జి. ఆసుపత్రికి రోగిని తెస్తున్న అంబులెన్సుకైనా దారి దొరకదు. ఇంతకంటే ప్రమాదం కుడి మలుపుతో. ఎడమ అంచున నిలిచిన ఆటో పచ్చ లైటు రాగానే అందరికీ అడ్డంగా కుడికి తిరిగిపోతుంది. ఎడమకు తిరిగేవారు ఎడమ అంచుకు, కుడికి తిరిగేవారు రోడ్డు మధ్యకు ముందే చేరాలని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లో ఉంది. కానీ రోడ్డు మీద బాణం గుర్తులే చెరిగిపోతే కొత్తవారికి ఏ వరుస ఎటు వెళ్తుందో ఎలా తెలుస్తుంది? వానలు తగ్గగానే, దసరా రద్దీ మొదలవకముందే, కూడలికి కాస్త దూరం నుంచే తెల్ల బాణాలు మళ్లీ వేయించాలి. రోడ్డు వెడల్పుగా ఉన్న చోట ఎడమ వరుసను ప్లాస్టిక్ స్తంభాలతో వేరు చేయాలి. సిగ్నల్‌తో పని లేకుండా ఎడమకు వెళ్లొచ్చో లేదో ఒడియాతో పాటు తెలుగులోనూ బోర్డు పెట్టాలి. అలా వదిలిన చోట నడిచి దాటేవారికే ముందు దారి ఇవ్వాలి. ముసలివాళ్లు, బడి పిల్లలు ఇరుక్కుపోతున్నది అక్కడే. మొదటి కొన్ని వారాలు ట్రాఫిక్ పోలీసులు చలానాలు రాయడం కన్నా వాహనాలను సరైన వరుసలో నిలబెట్టడం మీద దృష్టి పెట్టాలి.
– ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా